విప్పిన లారీని బిగించేదెవరు?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మూలబడిన పాత లారీని మళ్ళీ రోడ్డెక్కించి చూడు అన్న మాట కూడా దానికి చేర్చవచ్చు. పెళ్ళి మూడు రోజుల్లో ముగుస్తుంది. ఇల్లు రెండేళ్ళలో పూర్తవుతుంది. పాత లారీ పని మాత్రం, మొదలుపెట్టినప్పుడు బడిలో చేరిన పిల్లవాడు కాలేజీ చదువు ముగించేనాటికి కూడా తెమలకపోవచ్చు. ఈలోగా ఇంటి ఇల్లాలి దగ్గర మాట పోతుంది. షెడ్డు యజమాని దగ్గర పరువు పోతుంది. చివరికి ఊరి కుర్రకారు నోళ్ళలో ఆ లారీ ఒక వేళాకోళంగా మిగులుతుంది.

పాత కృష్ణా జిల్లా పల్లెల్లో ఈ మాట ఇప్పుడు చెప్పుకోవలసిన అవసరం ఉంది. పశువుల కొట్టాల వెనక, చింతచెట్ల కింద, మూతపడిన రైసు మిల్లుల ఆవరణల్లో తండ్రుల, తాతల కాలంనాటి లారీలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. వాటి కోసం ఇద్దరు మనుషులు వస్తున్నారు. ఒకడు గ్యాస్ కట్టరుతో వచ్చే పాత ఇనుము వ్యాపారి. రెండోవాడు హైదరాబాదులోనో, అమెరికాలోనో నాలుగు డబ్బులు సంపాదించుకుని, తాతగారి లారీకి మళ్ళీ ప్రాణం పోయాలని ముచ్చటపడే మనుమడు. మొదటివాడి వల్ల లారీకి కీడని, రెండోవాడి వల్ల మేలని అందరూ అనుకుంటారు. అయితే అన్నివేళలా అలా జరగడం లేదు. ఉత్సాహంతో విప్పి, ఓపిక చాలక వదిలేసిన లారీ కూడా చివరికి పాత ఇనుము కొట్టుకే చేరుతుంది. తేడా అల్లా, ముక్కలుగా చేరుతుంది.

లారీ ఈ జిల్లాకు ఏమవుతుంది?

జిల్లాకు, లారీకి ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. 1960ల దశకంలో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్ లారీ బాడీలకు, మరమ్మతులకు దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఛాసిస్ ఒక్కటీ ఇంజనుతో వస్తే, దాని మీద టేకుతో క్యాబిన్ కట్టి, తొట్టి బిగించి, రేకు కొట్టి, నెమళ్ళూ తామరపూలూ వేసి, నుదుట కనకదుర్గమ్మ పేరు రాసి పంపిన చేతులు ఇక్కడివి. డెల్టా ధాన్యం, నూజివీడు మామిడి, కొల్లేటి చేప, జగ్గయ్యపేట వైపు మిర్చి, పత్తి దూరదేశాలు చూసింది లారీ మీదే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు, దారులు తెరుచుకున్నాక బియ్యం, బట్టలు, మందులు చేరింది కూడా లారీల మీదే.

ఆ లారీల చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. టెల్కో కంపెనీ జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజితో 1954లో ఒప్పందం కుదుర్చుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేసింది. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్టు, దాని మీద మూడు కొమ్మల నక్షత్రం, ఇదీ ఆనాటి బెంజి లారీ. పదిహేనేళ్ళ ఒప్పందం 1969లో ముగిశాక నక్షత్రం పోయి టాటా వారి గుర్తు వచ్చింది. విజయవాడలో బెంజి సర్కిల్ అన్న పేరు ఆ లారీల కాలం నుంచే నిలిచిందని పెద్దలు చెబుతారు. ఇక మద్రాసులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్, ఇంగ్లండులోని లేలాండ్ కంపెనీతో చేయి కలిపి 1955లో అశోక్ లేలాండ్ అయింది. దాని కామెట్ లారీని ఎరగని డ్రైవరు ఆ తరంలో లేడు. బొంబాయి ప్రీమియర్ కంపెనీ డాడ్జి, ఫార్గో లారీలు, హిందుస్థాన్ మోటార్స్ వారి బెడ్‌ఫోర్డు లారీలు కూడా ఆ రోడ్లమీద తిరిగినవే.

ఈనాడు వాటిలో నడిచే స్థితిలో ఉన్న బండి కనిపిస్తే జనం ఆగి చూస్తున్నారు. అంత అరుదైపోయాయి. బండ్ల కంటే వేగంగా అరుదవుతున్నది మరొకటి ఉంది. వాటి పని తెలిసిన మేస్త్రీలు. చెవితో విని ఇంజను రోగం చెప్పగలిగిన ముసలి మెకానిక్కు, కొలబద్ద లేకుండా క్యాబిన్ వంపు తీయగలిగిన వడ్రంగి, కుంచెతో అక్షరం దిద్దే పెయింటరు ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. కొత్త లారీలు చాలావరకు ఫ్యాక్టరీ క్యాబిన్‌తోనే వస్తున్నందున ఆ పని నేర్చుకునే కుర్రవాడూ లేడు. పాత లారీ బాగుచేత ఎందుకు అన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. బండి ఒక్కటే బతకడం కాదు, ఆ పనితనం మరో చేతికి అందాలంటే చేతి కింద ఒక పాత బండి ఉండి తీరాలి.

విప్పడం వారం, బిగించడం పదేళ్ళు

మరి ఈ పని అన్నేళ్ళు ఎందుకు పడుతుంది? సోమరితనం అని కొట్టిపారేయడం తేలిక. నిజం వేరు.

లారీని విప్పడానికి నలుగురు మనుషులు, ఒక గొలుసు కప్పీ ఉంటే వారం రోజులు చాలు. ఆ వారం రోజులూ పండుగలా ఉంటుంది. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి చూస్తారు, ఫోటోలు తీస్తారు. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పడతాయి. ఏ పట్టీ ఏ పక్కదో, ఏ పైపు దేని కిందనుంచి పోయిందో గుర్తుంటుందిలే అనుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. సరిగ్గా అక్కడే మొదటి రెండేళ్ళు పోతాయి.

క్యాబిన్ సంగతి చూద్దాం. ఆనాటి క్యాబిన్‌కు ఎముకలు కర్రవి, చర్మం రేకుది. నీరు దిగి కింది కర్రలు పుచ్చిపోయి ఉంటాయి. పుచ్చిన కర్ర ఎందుకని పొయ్యిలో పెట్టేవారు ఉన్నారు. ఆ పుచ్చిన కర్రే కొత్త కర్రకు అచ్చు. దాని పొడవు, వంపు, గాడి చూసి కదా వడ్రంగి కొత్తది దిగకోయవలసింది! అచ్చు కాలిపోయాక, అలాంటి లారీ మరొకటి ఎక్కడుందో వెతుక్కుంటూ జిల్లాలు తిరగాలి. దొరికినదాన్ని విడిభాగాల కోసమని కొంటే పెరట్లో ఒక శవానికి రెండు శవాలవుతాయి.

ఇంజను మరో కథ. ఏళ్ళ తరబడి నిలబడిన ఇంజనులో పిస్టన్లు సిలిండర్లకు పట్టుకుపోతాయి. ఇంజెక్టర్లు తీసి, లోపల డీజిలు పోసి, రోజుల తరబడి నాననిచ్చి, మెల్లగా చేత్తో తిప్పి చూడాలి. ఆ ఓపిక లేక ట్రాక్టరుకు తాడు కట్టి లాగించి స్టార్టు చేయబోతే కనెక్టింగు రాడ్డు వంగుతుంది, లేదా పోత ఇనుప బ్లాకు పగులుతుంది. వారం ఆగలేనివాడు అక్కడ రెండేళ్ళు పోగొట్టుకుంటాడు. క్రాంకు షాఫ్టు గ్రైండింగు, లైనర్లు, బేరింగులు, రేకునుంచి కత్తిరించుకోవలసిన గాస్కెట్లు, డీజిలు పంపు సరిచూడటం, ఇవన్నీ వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు చేతుల్లో జరగవలసిన పనులు. లేత్ మిషను మేస్త్రీ దగ్గర కిరాయి బండ్ల పని ముందు జరుగుతుంది. ఆ బండి ఒకరోజు ఆగితే ఒక ఇంటి కూడు ఆగుతుంది కనుక అది న్యాయమే. పాత లారీ వస్తువు మాత్రం మూలకు జరుగుతూ, జరుగుతూ, ఒకనాడు ఎవరిదో కూడా తెలియని స్థితికి వస్తుంది.

బ్రేకులు, స్ప్రింగు కట్టలు, స్టీరింగు, వైరింగు ఇంకా అలాగే ఉంటాయి. కొంత ఊరట ఏమంటే టైర్లు దొరుకుతాయి. 8.25-20, 9.00-20 సైజులు ఇంకా తయారవుతున్నాయి. కిటికీలకూ, ముందు అద్దానికీ చాలా పాత లారీల్లో వంపు లేని అద్దమే కనుక ఏ అద్దాల కొట్టులోనైనా కోయించుకోవచ్చు. దొరకనివి మాత్రం చిన్న వస్తువులు. తలుపు గొళ్ళెం, మీటరు ముఖం, లైటు చుట్టూ ఉండే రింగు, కంపెనీ పేరు రేకు. పెద్ద ఇంజను కంటే ఈ చిన్న వస్తువులే ఎక్కువ కాలం తింటాయి.

గంటల లెక్క

ఒక చిన్న లెక్క వేసుకుంటే విషయం తేటపడుతుంది. మొత్తం పని రెండు వేల గంటలు అనుకుందాం. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకునేవాడు ఆదివారం నాలుగు గంటలు మించి కేటాయించలేడు. ఏడాదికి యాభై ఆదివారాలు కలిసి వచ్చినా రెండు వందల గంటలే. అంటే పదేళ్ళు. అందులో కోతలు, పెళ్ళిళ్ళు, పండుగలు, జ్వరాలు, వానలు తీసేస్తే పదిహేనేళ్ళు. ఇది ఎవరి తప్పూ కాదు, కూడికలు తీసివేతలు అంతే.

డబ్బు నడక కూడా అలాంటిదే. పంట చేతికి వచ్చినప్పుడు నాలుగు రూపాయలు లారీ మీద పడతాయి. మరుసటి పంటకు తెగులు తగిలితే లారీ ఆగుతుంది. అమ్మాయి పెళ్ళి కుదిరితే ఆగుతుంది. అబ్బాయి కాలేజీ ఫీజు కట్టేటప్పుడు ఆగుతుంది. ఆగినప్పుడల్లా తుప్పు మాత్రం ఆగదు. రెండేళ్ళ కిందట గీకి రంగు వేసిన ఛాసిస్‌ను మళ్ళీ గీకవలసి వస్తుంది. చేసిన పనే మళ్ళీ చేయడం మనిషిని కుంగదీసినంతగా మరేదీ కుంగదీయదు. చాలామంది పని వదిలేసేది డబ్బు లేక కాదు, ఈ విసుగు వల్లనే.

ఇంట్లో పడే మాటలు వేరే చెప్పనక్కరలేదు. మెడలో గొలుసు తాకట్టులో ఉంటే, పెరట్లో బానెట్టుకు మెరుగు పెడుతున్న మగవాణ్ణి చూసి ఏ ఇల్లాలు సంతోషిస్తుంది? ఆమె కోపంలో న్యాయం ఉంది. అప్పు చేసి, నగలు కుదువపెట్టి చేయవలసిన పని ఇది ఎంతమాత్రం కాదు. ఇందులో లాభం వస్తుందని ఎవరైనా ఆశపెడితే నమ్మరాదు. పెట్టిన డబ్బు తిరిగి వచ్చిన సందర్భాలు బహు తక్కువ.

ఇనుముకు ఇంత పూజా?

ఇక్కడ ఒక ప్రశ్న రాక మానదు. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు కారుతుంటే, బడికి ప్రహరీ లేకుంటే, చచ్చిన లారీ మీద లక్షలు పోయడం ఏం ధర్మం? అమ్మితే ఇనుము ధర అయినా వస్తుంది కదా?

ప్రశ్న సబబైనదే. ప్రతి పాత లారీనీ బతికించాలని ఎవరూ అనరు, అనకూడదు కూడా. వేలాది బండ్లు కరిగి మళ్ళీ ఇనుము కావడమే మంచిది. పాత ఇంజను పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదన్నది కూడా నిజం. అయితే పది కాకపోతే ఒకటి, జిల్లా మొత్తానికి నాలుగైదు బండ్లు నిలబడటం దుబారా అనిపించుకోదు. గుడిలో పాత రథాన్ని ఏడాదికి ఒకసారి లాగడానికే కదా ఊరు కాపాడుకుంటున్నది? నాగలి, కవ్వం, రోలు ఇంట్లో మూలన ఉంచుకున్నవారికి లారీ విలువ చెప్పనక్కరలేదు. ఒక తరం అన్నం తిన్నది దాని చక్రాల మీదే.

ఇతర చోట్ల ఈ పని జరిగింది. హైదరాబాదులో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆనాటి అల్బియాన్ బస్సును ‘డెక్కన్ క్వీన్’ పేరుతో ఆర్టీసీ భద్రపరచింది. హర్యానాలోని తావడూలో 2013లో రవాణా వాహనాల మ్యూజియం వెలిసింది. ఇక లేలాండ్ అన్నది ఇంగ్లండులో లాంకషైర్‌లోని ఒక ఊరి పేరు. ఆ కంపెనీ అక్కడ 1896లో ఆవిరి బండితో మొదలైంది. అదే ఊళ్ళో, పాత ఫ్యాక్టరీ స్థలంలోనే 1983లో లారీలు, బస్సుల మ్యూజియం తెరిచారు. అంతకు ముందు నుంచే, 1962 మొదలుకుని, లండన్ నుంచి బ్రైటన్ పట్టణానికి పాత లారీలు, బస్సులు వరుసగా నడిచే యాత్ర జరుగుతూ వచ్చింది. అక్కడ కూడా చాలా బండ్లు పది, పదిహేను సంవత్సరాల ఆదివారాలు తిన్నవే. అయితే అక్కడ సంఘాలున్నాయి. ఒకడు అలిసిపోతే మరొకడు పానా అందుకుంటాడు. ఇక్కడ ఒకే మనిషి మొదలుపెట్టి, ఒకే మనిషి అలిసిపోతున్నాడు. తేడా డబ్బులో లేదు, అక్కడ ఉంది.

చట్టంలో లారీకి చోటేది?

ప్రభుత్వం చేయవలసింది కూడా ఉంది. పాత వాహనాలను చారిత్రక వాహనాలుగా రిజిస్టరు చేసేందుకు కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా రిజిస్టరు చేయడానికి రుసుము 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000 రూపాయలు. ముందే నంబరున్న బండి తన పాత నంబరును ఉంచుకోవచ్చు. కిరాయికి గాని, రోజువారీ వాడకానికి గాని తిప్పకూడదు. మంచి ఏర్పాటే. అయితే దీన్ని రాసినవారి కళ్ళ ముందు ఉన్నది జమీందారుగారి కారు, దొరగారి మోటారు సైకిలు. వెనక జంట చక్రాలతో ఊరి ధాన్యం మోసిన లారీ వారికి గుర్తు రాలేదు.

మరో చిక్కు కూడా ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదన్నది షరతు. కారుకు అది సరిపోతుంది. లారీ బతుకు అలాంటిది కాదు. పెట్రోలు ఖర్చు భరించలేక ఆనాటి యజమానులు పాత లారీల్లో డీజిలు ఇంజన్లు బిగించుకున్నారు. తొట్టి చెక్కలు ఎన్నోసార్లు మారాయి. క్యాబిన్ ఆటోనగర్‌లో రెండోసారి పుట్టింది. ఇది మోసం కాదు, ఆ లారీ చరిత్రే. ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి రూపం ఒక్కటే అసలు రూపమంటే ఈ జిల్లా వడ్రంగుల, మెకానిక్కుల పనితనమంతా లెక్కలోకి రాకుండా పోతుంది.

కనుక లారీలను, ట్రాక్టర్లను ఈ నిబంధనల్లో చేర్చవలసి ఉంది. సరుకు మోయకూడదన్న షరతు అలాగే ఉండవచ్చు. యాభై ఏళ్ళ కిందట చేసిన మార్పులను ఆ బండి చరిత్రలో భాగంగా ఒప్పుకోవాలి. పోయిన సి బుక్కు విషయంలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు స్వయంగా చూసి ధ్రువపరిచే మార్గం చూపాలి. 1989కి ముందునాటి పాత నంబరు దొరికితే అదే నిలపాలి. పదేళ్ళు కష్టపడి బిగించిన బండి కాగితం లేక షెడ్డులోనే నిలిచిపోతే, ఆ మనిషి కష్టానికి అంతకంటే అన్యాయం ఉండదు.

మరోవైపు 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను రద్దయింది. అవి తుక్కుకు పోవలసిందే. ఉద్దేశం మంచిదే. కాని ప్రతి శాఖలోనూ అన్నిటికంటే పాత బండి ఒక్కదాన్నయినా వేలానికి ముందే పక్కన పెట్టించడం కష్టమైన పని కాదు. వేలంలో పోయాక వెతికితే దొరకదు.

చేయి వేసేముందు

ఇక ముచ్చటపడేవారు గుర్తుంచుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇవి అనుభవజ్ఞులైన ఏ మేస్త్రీని అడిగినా చెప్పేవే.

మొదట బండికి నీడ కావాలి. నేలకు ఎత్తుగా, వాన తగలకుండా రేకుల షెడ్డు పడేవరకు ఒక్క నట్టు కూడా విప్పరాదు. కప్పు కింద నిలబడిన తుప్పు లారీ మరో ఇరవై ఏళ్ళు ఆగగలదు. విప్పి ఆరుబయట వదిలిన లారీ రెండు వానాకాలాలు కూడా ఆగలేదు.

రెండోది, ప్రతి భాగాన్నీ విప్పకముందే నాలుగు వైపుల నుంచి ఫోటో తీయాలి. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది కనుక ఇందుకు సాకు లేదు. ప్రతి ముక్కకూ రేకు బిళ్ళ కట్టి నంబరు వేయాలి. బోల్టులను ఏ భాగానివి ఆ సంచిలో వేయాలి. పుస్తకంలో రాయాలి. మొదలుపెట్టినవాడు లేకపోయినా మరొకడు ఆ పుస్తకం చూసి బిగించగలగాలి.

మూడోది, లారీ మొత్తాన్ని ఒకేసారి విప్పరాదు. ముందు బ్రేకులు, అవి పూర్తయ్యాక ఇంజను, ఆ తరువాతే క్యాబిన్. అప్పుడు ఏ రోజు పని ఆగినా లారీ లారీగానే ఉంటుంది. ఏడాదికి ఒక పని పూర్తయిందన్న తృప్తి మనిషిని నిలబెడుతుంది.

నాలుగోది ప్రాణాలకు సంబంధించినది. పాత డిస్కులకు ఉండే లాకు రింగు గాలి కొట్టేటప్పుడు ఎగిరితే మనిషి తల నిలవదు. టైరులో గాలి పూర్తిగా తీయకుండా రింగును ముట్టుకోరాదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. పాత రంగుల్లో సీసం ఉంటుంది కనుక గీకేచోట పిల్లలను ఉంచరాదు. గీకేముందు ఆ రంగు పొరల కింద ఉన్న పాత పేర్లను, బొమ్మలను ఫోటో తీసుకుంటే పెయింటరు చేతిరాత అయినా మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఐదోది. ఒంటరిగా మొదలుపెట్టరాదు. ఊళ్ళో పాత డ్రైవరు, పాత క్లీనరు, వడ్రంగి, వెల్డరు, ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు కలిస్తేనే దిగాలి.

ఇందులో సంస్థల పాత్ర ఎంతైనా ఉంది. జిల్లాలోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు తలా ఒక పాత లారీని తీసుకుంటే, ఒక బ్యాచి బ్రేకులు, మరో బ్యాచి ఇంజను, ఇంకో బ్యాచి వైరింగు చేస్తూ పోవచ్చు. విద్యార్థులు మారతారు, పుస్తకం మారదు. పదేళ్ళు పట్టినా నష్టం లేదు, ఏటా ఒక తరగతి పని నేర్చుకుంటుంది. రిటైరైన మేస్త్రీని నెలకు రెండు రోజులు గౌరవంగా పిలిచి, శాలువాతో సరిపెట్టక కూలి కూడా ఇచ్చి, ఆయన చేతి పనిని ఫోనులో రికార్డు చేస్తే అదే పెద్ద గ్రంథాలయం. లారీ యజమానుల సంఘాలు, ఆటోనగర్ పారిశ్రామికులు తలచుకుంటే ఒక షెడ్డు, ఒక బండి పెద్ద లెక్క కాదు.

ఆరంభశూరత్వం ఆంధ్రులకు పాత అపవాదు. విప్పి వదిలేసిన ప్రతి లారీ దానికి సాక్ష్యం చెబుతుంది. ఆ అపవాదు పోగొట్టుకోవడానికి తొందరపడవలసిన పని లేదు. పదేళ్ళు పట్టినా పరవాలేదు, పదిహేనేళ్ళు పట్టినా పరవాలేదు. కాని మొదటి నట్టు విప్పేరోజే చివరి నట్టు ఎవరు బిగిస్తారో తెలిసి ఉండాలి. అది తేలనంతవరకు చింతచెట్టు కింది లారీ మీద ఒక టార్పాలిను కప్పి, దాన్ని అలాగే ఉంచడం మేలు. కప్పి ఉంచినవాడు కూడా ఆ లారీకి మేలు చేసినవాడే.